ఫ్లెక్సీ మీద ‘శ్రీ’ ఎందుకు విరిగింది? తెలుగు ఫాంట్లలో లిగేచర్, కెర్నింగ్ పని చేసే తీరు

పోయిన గంగజాతరకి మా వీధి కుర్రాళ్లం కలిసి ఒక ఫ్లెక్సీ వేయించాం. డిజైన్ మొత్తం ఫోన్‌లోనే చేశాం. పైన అమ్మవారి ఫోటో, కింద మా అందరి ఫోటోలు, మధ్యలో పెద్ద అక్షరాలతో ‘శ్రీ తాతయ్యగుంట గంగమ్మ జాతర శుభాకాంక్షలు’. ఫోన్ స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. ఎడిట్ చేసుకునే ఫైల్‌నే ప్రింటింగ్ షాపుకి పంపేశాం. సాయంత్రం పోయి విప్పి చూస్తే పది అడుగుల ఫ్లెక్సీ మీద ఇట్లా ఉంది:

శ్‌రీ తాతయ్‌యగుంట గంగమ్‌మ జాతర శుభాకాంక్‌షలు

“ఏందన్నా ఇది, వత్తులన్నీ యాడికి పోయినాయి?” అని అడిగితే షాపాయన తాపీగా చెప్పినాడు: “నేనేం చేసేది నాయనా, మీరు పంపిన ఫైల్ ఓపెన్ చేస్తే ఇట్లే వచ్చింది. మీ ఫాంట్‌లోనే ఏదో ఉంది.”

ఫాంట్‌లో ఏమీ లేదు. మా స్పెల్లింగ్‌లోనూ తప్పు లేదు. ఫైల్‌లో ఉన్న ప్రతి అక్షరం సరైనదే, సరైన వరసలోనే ఉంది. మరి ఎక్కడ విరిగింది? అది అర్థం కావాలంటే లిగేచర్, కెర్నింగ్ అనే రెండు విషయాలు తెలియాలి. కాలేజీ ఫెస్ట్ పోస్టర్ చేసేవాళ్లకీ, యాప్ రాసేవాళ్లకీ, కొత్త ఫోన్‌లో తెలుగు ఎలా కనిపిస్తుందో చూసి కొనేవాళ్లకీ ఇది పనికొస్తుంది. ఒక్కొక్కటిగా చూద్దాం.

టైప్ చేసేది వేరు, కనిపించేది వేరు

కంప్యూటర్‌కి అక్షరం అంటే ఒక నంబర్, అంతే. యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు కేటాయించారు. అందులో ‘క’ నంబర్ 3093, ‘త’ నంబర్ 3108. అయితే ‘శ్రీ’కి నంబర్ లేదు. ‘క్ష’కి లేదు. ‘మ్మ’కి కూడా లేదు.

‘శ్రీ’ అని టైప్ చేస్తే ఫైల్‌లో చేరేవి నాలుగు నంబర్లు. శ (3126), పొల్లు (3149), ర (3120), గుడిదీర్ఘం (3136). ఈ నాలుగూ కలిసి ఒకే అక్షరంగా మారేది స్క్రీన్ మీదే. ఫైల్‌లో అవి ఎప్పటికీ నాలుగే.

మన ఊళ్ల పేర్లతోనే లెక్క వేద్దాం. ‘తిరుపతి’ చదివితే నాలుగు అక్షరాలు, ఫైల్‌లో ఏడు. ‘చిత్తూరు’ చదివితే మూడు, ఫైల్‌లో ఎనిమిది. ‘కుప్పం’ చదివితే రెండు, ఫైల్‌లో ఆరు. ‘శ్రీకాళహస్తి’ చదివితే ఐదు, ఫైల్‌లో పన్నెండు.

ఈ తేడా ఊరికే సరదా లెక్క కాదు. ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగు ఎస్ఎంఎస్‌లో 70 మాత్రమే పడతాయి. ఆ డెబ్బైలో ఒక్క ‘శ్రీకాళహస్తి’కే పన్నెండు ఖర్చు. ఇంటర్నెట్‌లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు నంబర్‌కి 3 బైట్లు, అంటే ‘శ్రీకాళహస్తి’ 36 బైట్లు.

లిగేచర్ అంటే ఏంటి?

రెండు లేదా ఎక్కువ అక్షరాలు కలిసిపోయి ఒకే ఆకారంగా మారితే దాన్ని లిగేచర్ అంటారు. ఇంగ్లిష్‌లో ఎఫ్ పక్కన ఐ వస్తే ఎఫ్ కొక్కెం వెళ్లి ఐ మీది చుక్కని గుద్దుకుంటుంది. అందుకే సీసం అచ్చుల కాలంలో ఆ రెండిటినీ కలిపి ఒకే అచ్చుగా పోసేవాళ్లు.

కోడింగ్ చేసేవాళ్లకి ఇంకో ఉదాహరణ. ఫిరా కోడ్ లాంటి ఫాంట్ పెట్టుకుంటే ఆశ్చర్యార్థకం, సమానం గుర్తులు పక్కపక్కన కొట్టగానే అవి ‘సమానం కాదు’ అనే ఒకే గుర్తులా కనిపిస్తాయి. ఫైల్‌లో మాత్రం రెండే ఉంటాయి, కంపైలర్‌కి ఏ ఇబ్బందీ లేదు. లిగేచర్ అసలు సూత్రం ఇదే: డేటా మారదు, బొమ్మ మారుతుంది.

కాకపోతే ఇంగ్లిష్‌కీ మనకీ పెద్ద తేడా ఉంది. ఇంగ్లిష్‌లో లిగేచర్ ఆపేస్తే అందం కొంచెం తగ్గుతుంది, చదవడానికి ఏ అడ్డమూ ఉండదు. తెలుగులో ఆపేస్తే మా ఫ్లెక్సీ అవుతుంది. గుణింతం మొత్తం లిగేచర్ల మీదే నడుస్తుంది. ‘క’ మీద తలకట్టు ఉంటుంది. దానికి గుడి పెట్టి ‘కి’ చేస్తే తలకట్టు పోయి దాని చోట గుడి వస్తుంది. ‘జ’, ‘బ’, ‘ల’, ‘ట’, ‘ణ’ లాంటివాటికి అసలు తలకట్టే లేదు, కాబట్టి వాటికి గుడి అతికే తీరు వేరు.

కొమ్ము సంగతి ఇంకా తమాషా. ‘కు’, ‘తు’, ‘రు’లలో కొమ్ము కుడి పక్కన అతుక్కుంటుంది. ‘వ’కి కూడా అట్లాగే పక్కన పెట్టి చూడండి, అది ‘మ’ లాగా కనిపిస్తుంది. అందుకే ‘పు’, ‘ఫు’, ‘వు’లలో కొమ్ము కింది నుంచి మొదలవుతుంది. చిన్నప్పుడు పలక మీద దిద్దినప్పుడు మన చేతికి ఇది అలవాటైపోయింది. ఫాంట్‌కి మాత్రం ఎవరో ఒకరు కూర్చుని ‘ప తరవాత కొమ్ము వస్తే ఈ బొమ్మ వాడు’ అని నియమం రాయాలి. పుత్తూరు పేరు సరిగ్గా కనిపిస్తోందంటే ఆ నియమం ఎవరో రాశారనే అర్థం.

అన్ని అక్షరాలూ ముందే గీసి పెట్టుకోవచ్చు కదా?

మంచి ప్రశ్నే. లెక్క చూద్దాం. హల్లులు 35 అనుకుంటే, హల్లుకి వత్తు కలిపిన జంటలు 35 × 35, అంటే 1,225. ఒక్కోదానికి 12 గుణింతాలు వేసుకున్నా 14,700. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మూడు హల్లుల కలయికలు ఇంకా లెక్కలోకి రాలేదు. ఒక ఫాంట్ ఫైల్‌లో గరిష్ఠంగా 65 వేల పైచిలుకు బొమ్మలకి చోటుంటుంది. కానీ అన్ని వేల బొమ్మలు ఒక మనిషి గీయడం అయ్యే పని కాదు.

కాబట్టి తెలుగు ఫాంట్ డిజైనర్లు ముక్కలుగా గీస్తారు. తలకట్టు ఉన్న ‘క’, తలకట్టు లేని ‘క’, ‘క’ వత్తు, విడిగా గుడి, విడిగా కొమ్ము. చాలా వత్తులు అసలు అక్షరానికి చిన్న రూపాలే. ‘త’, ‘న’, ‘మ’, ‘య’, ‘ర’, ‘ల’ వత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలవు. మా ఫ్లెక్సీలో తాతయ్య, గంగమ్మ ఇద్దరికీ దెబ్బ తగిలింది అక్కడే.

ఈ ముక్కల్ని ఎప్పుడు ఏది వాడాలో చెప్పే నియమాలు ఫాంట్‌లోనే ఉంటాయి. 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ప్రకటించిన ఓపెన్‌టైప్ ఫార్మాట్‌లో దీనికోసం రెండు టేబుళ్లు ఉన్నాయి. ఒకటి జీసబ్: ఏ బొమ్మ తీసేసి ఏ బొమ్మ పెట్టాలో చెబుతుంది. లిగేచర్లన్నీ ఇందులోవే. రెండోది జీపాస్: పెట్టిన బొమ్మని ఎంత జరపాలో చెబుతుంది. కెర్నింగ్ ఇందులోది.

షేపింగ్ ఇంజిన్: అసలు పని చేసేది ఇదే

ఫాంట్‌లో నియమాలు ఉంటే సరిపోదు. వాటిని చదివి అమలు చేసే సాఫ్ట్‌వేర్ కావాలి. దాన్నే షేపింగ్ ఇంజిన్ అంటారు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ వాడేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్‌సోర్స్ ఇంజిన్. ఆపిల్‌కి కోర్ టెక్స్ట్, విండోస్‌కి డైరెక్ట్‌రైట్ ఉన్నాయి.

‘చిత్తూరు’లో ‘త్తూ’ని ఇంజిన్ ఎలా కడుతుందో చూడండి. ఫైల్‌లో వరస: త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం.

మొదట ఈ నాలుగూ ఒకే అక్షరానికి చెందినవని గుర్తిస్తుంది. తరవాత వీటిలో ప్రధాన హల్లు ఏదో తేలుస్తుంది. మొదటి ‘త’ ప్రధానం, పొల్లు తరవాత వచ్చిన రెండో ‘త’ వత్తు. ఇప్పుడు వరస మారుస్తుంది. కొమ్ముదీర్ఘం మనం ఆఖర్న కొట్టినా, కాగితం మీద అది అతికేది మొదటి ‘త’కే. కాబట్టి దాన్ని వత్తుకి ముందుకి తెస్తుంది. ఆ తరవాత జీసబ్ నియమాలతో ‘తూ’ బొమ్మ, ‘త’ వత్తు బొమ్మ ఎంచుకుంటుంది. చివరికి జీపాస్ నియమాలతో వత్తుని సరైన చోట కూర్చోబెడుతుంది.

‘చంద్రగిరి’లో ‘ద్ర’ ఇంకో రకం. ‘ర’ ఆఖర్న టైప్ చేస్తాం, కానీ చాలా ఫాంట్లలో ‘ర’ వత్తు అక్షరం కింద ఎడమ పక్క నుంచి చుట్టుకుంటూ వస్తుంది. ‘వైకుంఠం’లో ఐత్వానికి రెండు ముక్కలుంటాయి, ఒకటి అక్షరం పైన, ఒకటి కింద. యూనికోడ్‌లో కూడా ఐత్వాన్ని ఎత్వంగా, కింది గుర్తుగా రెండు ముక్కలు చేసే ఏర్పాటు ఉంది.

మా ఫ్లెక్సీ రహస్యం ఇదే. మా ఫోన్‌లోని యాప్‌కి షేపింగ్ ఇంజిన్ ఉంది. షాపులో ఫైల్ తెరిచిన సాఫ్ట్‌వేర్ తెలుగుకి షేపింగ్ చేయలేదు. నంబర్లు ఏ వరసలో ఉంటే ఆ వరసలో బొమ్మలు పేర్చి ఊరుకుంది. ‘శ’కి పొల్లు పెట్టింది, పక్కన ‘రీ’ పెట్టింది. దాని దృష్టిలో పని పూర్తయింది.

కనిపించని అక్షరం

మనం రోజూ రాసే మాట ‘సాఫ్ట్‌వేర్’. ఇందులో ‘ట్’ తరవాత ‘వే’ ఉంది. పొల్లు తరవాత హల్లు వస్తే ఇంజిన్ ఏం చేస్తుంది? వత్తు చేసేస్తుంది. అప్పుడు ‘సాఫ్ట్వేర్’ అయిపోతుంది. వత్తు వద్దు అని ఇంజిన్‌కి చెప్పడానికి మధ్యలో ఒక కనిపించని అక్షరం పెడతాం. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, నంబర్ 8204. వెడల్పు సున్నా. ‘ఇక్కడ కలపొద్దు’ అని చెప్పడమే దాని పని.

దీనికి అన్న ఒకడున్నాడు, జీరో విడ్త్ జాయినర్, నంబర్ 8205. ‘ధర్మ’, ‘కర్మ’లలో ‘ర్’ని పాత పుస్తకాల్లో వలపలగిలకతో, అంటే తరవాతి అక్షరం పక్కన ఒక గుర్తుగా రాసేవాళ్లు. ఆ పాత రూపం కావాలంటే ‘ర’, పొల్లు, ఆ తరవాత ఈ 8205 పెట్టాలి. మామూలుగా రాసేటప్పుడు అవసరం లేదు, పాత గ్రంథాలు డిజిటైజ్ చేసేవాళ్లకి కావాలి.

సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్, స్మార్ట్‌ఫోన్ అని రాయడానికి కొంతమంది 8204 బదులు స్పేస్ కొడతారు. కంటికి దాదాపు ఒకేలా ఉంటుంది. కానీ లైన్ చివర ‘సాఫ్ట్’ పైన, ‘వేర్’ కింద పడతాయి. సెర్చ్‌లో కూడా అది రెండు మాటలే.

ఒక్క తెలుగు అక్షరం, ఐఫోన్లు క్రాష్

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. మంచి కారణానికి మాత్రం కాదు. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌కి ఎవరైనా ‘జ్ఞా’ అనే అక్షరాన్ని ఒక ప్రత్యేక వరసలో పంపితే మెసేజ్ యాప్ క్రాష్ అయ్యేది. అది నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీన్ నడిపే భాగమే పడిపోయి, ఫోన్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యేది. మ్యాక్, ఆపిల్ వాచ్, ఆపిల్ టీవీ కూడా ఇదే దెబ్బ తిన్నాయి.

ఆ వరస ఇది: జ, పొల్లు, ఞ, కనిపించని 8204, దీర్ఘం. ఇప్పటిదాకా చదివినవాళ్లకి ఇందులో తిరకాసు ఎక్కడుందో కనిపించాలి. దీర్ఘం ‘ఞ’ వత్తుని దాటి ప్రధాన హల్లు ‘జ’ దగ్గరకి వెళ్లి అతకాలి. సరిగ్గా ఆ దారిలో కలపొద్దు అనే గుర్తు అడ్డంగా కూర్చుంది. మనం మామూలుగా టైప్ చేసే ‘జ్ఞా’లో 8204 ఉండదు, అందుకే ‘జ్ఞానం’ అని రాసుకున్నవాళ్లకి ఏమీ కాలేదు.

ప్రోగ్రామర్లు తవ్వి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. తప్పు ‘జ్ఞా’ది ఒక్కదానిదే కాదు. ఇదే చట్రంలో వేరే తెలుగు హల్లులు పెట్టినా, దేవనాగరి, బెంగాలీ లిపుల్లో అలాంటి కలయికలు పెట్టినా క్రాష్ అయ్యేది. ఆపిల్ దీన్ని మెమరీ కరప్షన్ సమస్యగా నమోదు చేసి, సీవీఈ-2018-4124 అనే నంబర్ ఇచ్చి, ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో సరిచేసింది.

అప్పట్లో చాలామంది దీన్ని ‘తెలుగు బగ్’ అన్నారు. బగ్ తెలుగులో లేదు, తెలుగుని గీసే కోడ్‌లో ఉంది. ఆ కోడ్‌కి అన్ని రకాల వరసలూ ఇచ్చి ముందే టెస్ట్ చేసి ఉంటే ల్యాబ్‌లోనే దొరికేది. మన భాషలో టెస్ట్ చేసేవాళ్లు తక్కువైతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇక కెర్నింగ్

లిగేచర్ అంటే ఏ బొమ్మ అనేది. కెర్నింగ్ అంటే ఎంత దూరం అనేది. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో ఏ పక్కన వీ వస్తే రెండూ ఏటవాలు గీతలు కాబట్టి మధ్యలో పెద్ద సందు కనిపిస్తుంది. ఆ జంట వచ్చినప్పుడు మాత్రం వీని కొంచెం ఎడమకి జరపాలి. అదే కెర్నింగ్. అన్ని అక్షరాల మధ్య ఒకే కొలతలో దూరం పెంచడం, తగ్గించడం లెటర్ స్పేసింగ్. ఈ రెండూ ఒకటి కాదు.

కొలత ఎలా ఉంటుందంటే, ఫాంట్ సైజ్‌ని లోపల 1000 లేదా 2048 యూనిట్లుగా విడగొడతారు. 1000 యూనిట్ల ఫాంట్‌లో ఒక జంటకి మైనస్ 80 అని రాసి ఉందనుకోండి. 20 పిక్సెళ్ల సైజులో అది 1.6 పిక్సెళ్లు ఎడమకి జరుగుతుంది. ఫోన్ స్క్రీన్ మీద కంటికి ఆనదు. పది అడుగుల ఫ్లెక్సీ మీద బాగానే ఆనుతుంది.

తెలుగు అక్షరాలు ఎక్కువగా గుండ్రంగా ఉంటాయి కాబట్టి పక్కపక్కన సందుల గొడవ ఇంగ్లిష్ అంత లేదు. మన తలనొప్పి అంతా కింద వరసలో. ‘సత్యవ్రతం’ అనే మాట తీసుకోండి. ‘త్య’లో ‘య’ వత్తు కింద కుడి వైపుకి చాచుకుని వస్తుంది. పక్కనున్న ‘వ్ర’లో ‘ర’ వత్తు కింద ఎడమ వైపుకి వస్తుంది. పైన ‘త’, ‘వ’ల మధ్య బోలెడు చోటుంటుంది, కింద రెండు వత్తులు గుద్దుకుంటాయి. మంచి ఫాంట్ అయితే ఈ సందర్భాన్ని గుర్తుపట్టి ‘వ్ర’ని మొత్తంగా కొంచెం కుడికి జరుపుతుంది. ఆ నియమం లేని ఫాంట్‌లో రెండూ కలిసి ఒక ముద్ద అవుతాయి.

ఇట్లాంటి తప్పనిసరి జరుపుళ్ల కోసమే ఓపెన్‌టైప్‌లో ‘కెర్న్’ కాకుండా ‘డిస్ట్’ అని ఇంకో ఫీచర్ పెట్టారు. కెర్న్‌ని యూజర్ ఆపుకోవచ్చు. డిస్ట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఎందుకంటే అది అందం కోసం కాదు, చదవడం కోసం.

పై నుంచి కిందికి కూడా ఇదే సమస్య. ‘లక్ష్మి’లో ‘క్ష’ కింద ‘మ’ వత్తు. ‘రాష్ట్రం’లో ‘ష’ కింద ‘ట’ వత్తు, దానికి తోడు ‘ర’ వత్తు. ఇవి కిందికి దిగితే, కింది లైన్‌లో ఉన్న గుడి పైకి లేస్తుంది, రెండూ తగులుకుంటాయి. ఇంగ్లిష్ కొలతలతో బటన్లు గీసిన యాప్‌లలో వత్తులు సగానికి తెగిపోయి కనిపించేది ఇందుకే.

డీటీపీ షాపు కథ

షాపాయన్ని పూర్తిగా తప్పు పట్టలేం. తెలుగు డీటీపీ పెరిగిందే వేరే దారిలో. యూనికోడ్ మన సిస్టమ్స్‌లోకి రాకముందు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టిన ఫాంట్లు వచ్చాయి. అను లాంటివి చాలామందికి తెలుసు. వాటిలో ఒక్కో ఫాంట్‌కి 256 స్థానాలే. వత్తు ముక్క ఎక్కడ పెట్టాలో ఇంజిన్ చూసుకోదు, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్, టైప్ చేసే మనిషి కలిసి చూసుకోవాలి. ఆ పద్ధతిలో చేయి తిరిగిన ఆపరేటర్ కొట్టిన పెళ్లిపత్రిక ఇప్పటికీ అందంగానే ఉంటుంది.

దాని నష్టం ప్రింట్‌లో కాదు, ఫైల్‌లో. ఆ ఫైల్ నిజానికి ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం. ఫాంట్ తీసేస్తే ఏమీ చదవలేం. సెర్చ్ చేయలేం, ఫోన్‌లో పేస్ట్ చేయలేం, స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు. రెండు దశాబ్దాల పాటు మన ఊళ్లలో ఆ ఫాంట్లతో టైప్ చేసిన పుస్తకాలు, కరపత్రాలు కన్వర్టర్ ఉంటే తప్ప బయటికి రావు.

మరోపక్క ఉచిత యూనికోడ్ ఫాంట్లు చాలానే వచ్చాయి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు ఇచ్చారు. సిలికానాంధ్ర ద్వారా వచ్చిన ఫాంట్లు ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటి పేర్లు చూస్తే పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, సూరన్న, రామరాజ, తెనాలి రామకృష్ణ. అష్టదిగ్గజాలు మొత్తం దిగిపోయారు, పక్కనే శ్రీకృష్ణదేవరాయ కూడా ఉంది. అందులో ధూర్జటి మన శ్రీకాళహస్తి కవి. కాలేజీ పోస్టర్‌కి హెడ్డింగ్ ఫాంట్ కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు.

మీ ఫోన్‌కి, యాప్‌కి ఒక చిన్న టెస్ట్

2015 ఆగస్టులో షావోమీ భారత్‌లో తయారైన తన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ని విడుదల చేసింది. దాన్ని అసెంబుల్ చేసింది మన సత్యవేడు పక్కన శ్రీసిటీలో ఉన్న ఫాక్స్‌కాన్ ప్లాంట్‌లో. ఫోన్ మన దగ్గరే తయారవుతున్నప్పుడు దానిమీద మన ఊరి పేరు సరిగ్గా కనిపించాలని అడగడం అత్యాశ కాదు. కొత్త ఫోన్ కొన్నా, కొత్త డిజైన్ యాప్ వేసుకున్నా ఈ మాటలు టైప్ చేసి చూడండి:

1. శ్రీకాళహస్తి: ‘శ్రీ’ విరిగితే అసలు షేపింగే లేదు. ఆ యాప్‌తో తెలుగు పని పెట్టుకోకండి.
2. పుత్తూరు, వురుము: కొమ్ము కింది నుంచి రావాలి. ‘వు’, ‘మ’ల తేడా చిన్న సైజులో కూడా తెలియాలి.
3. లక్ష్మి, రాష్ట్రం: వత్తులు పూర్తిగా కనిపించాలి. నోటిఫికేషన్‌లో, బటన్ మీద కూడా చూడండి. తెగితే లైన్ ఎత్తు తక్కువైంది.
4. సత్యవ్రతం: కింద వత్తులు ముద్ద కాకూడదు. ఇది కెర్నింగ్ పరీక్ష.
5. వైకుంఠం: ఐత్వం రెండు ముక్కలూ ఉండాలి, కింది ముక్క ‘వ’ కిందే ఉండాలి.
6. సాఫ్ట్‌వేర్: ‘వ’ వత్తు రాకూడదు. మధ్యలో చతురస్రమో చుక్కల వలయమో కనిపిస్తే ఆ యాప్‌కి 8204 అర్థం కావట్లేదు.

డిజైన్ చేసేవాళ్లకి

ప్రింటింగ్‌కి ఎడిటబుల్ ఫైల్ పంపకండి. టెక్స్ట్‌ని అవుట్‌లైన్లుగా మార్చిన పీడీఎఫ్ పంపండి. అప్పుడు అక్షరాలు నంబర్లుగా కాకుండా గీతలుగా వెళ్తాయి, అవతల షేపింగ్ అవసరమే ఉండదు. పీఎన్‌జీ పంపాలంటే సైజు చూసుకోండి. పది అడుగుల వెడల్పుకి అంగుళానికి 72 పిక్సెళ్లు వేసుకున్నా 8,640 పిక్సెళ్లు కావాలి.

ఫోటోషాప్‌లో తెలుగు విరిగితే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్-రెడీ లేఅవుట్ ఆన్ చేయండి. పాత వెర్షన్లలో ముందు ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోండి.

తెలుగుకి లెటర్ స్పేసింగ్ సున్నా దగ్గరే ఉంచండి. ఇంగ్లిష్ టైటిల్ స్టైల్‌లో అక్షరాలు దూరం చేస్తే కొన్ని యాప్‌లలో వత్తులు, గుడులు ఊడిపోతాయి. లైన్ ఎత్తు ఫాంట్ సైజుకి ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి చూసుకోండి. బోల్డ్ కావాలంటే నిజంగా బోల్డ్ ఉన్న ఫాంట్ తీసుకోండి. సన్న ఫాంట్‌ని బలవంతంగా లావు చేస్తే వత్తుల లోపలి సందులు పూడిపోతాయి. నోటో సాన్స్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు దాకా అన్ని బరువులూ ఉన్నాయి.

కోడ్ రాసేవాళ్లకి

తెలుగు స్ట్రింగ్‌ని ఇన్ని అక్షరాలు అని లెక్కపెట్టి కోయకండి. ‘చిత్తూరు’ని ఐదు దగ్గర కోస్తే ‘చిత్త’ మిగులుతుంది, నాలుగు దగ్గర కోస్తే ‘చిత్’. గ్రాఫీమ్ క్లస్టర్ల వారీగా కోయాలి. ఒకే అక్షరంలోని హల్లు, పొల్లు, వత్తు విడిపోకూడదు అనే నియమం తెలుగు సహా కొన్ని భారతీయ లిపులకి 2023లో యూనికోడ్ 15.1తో చేరింది. కాబట్టి మీ లైబ్రరీ దానికంటే పాతదైతే అప్‌డేట్ చేయండి.

వెబ్‌సైట్ స్పీడ్ కోసం ఫాంట్‌ని కత్తిరించేటప్పుడు జీసబ్, జీపాస్ టేబుళ్లు పోకుండా చూసుకోండి. అవి పోతే ఫైల్ చిన్నదవుతుంది, ‘శ్రీ’ మళ్లీ విరుగుతుంది. ఫారంలో ‘అనవసరమైన’ క్యారెక్టర్లు తీసేసే కోడ్ ఉంటే 8204, 8205 దాంట్లో కొట్టుకుపోకుండా చూడండి. పీడీఎఫ్ పాఠాలు లేటెక్‌లో చేసేవాళ్లు జీటెక్ గానీ, హార్ఫ్‌బజ్ ఉన్న లువాటెక్ గానీ వాడితే ఇదంతా దానంతట అదే జరిగిపోతుంది.

మళ్లీ ఫ్లెక్సీ దగ్గరకి

ఆ రాత్రి ఫైల్‌ని అవుట్‌లైన్లుగా మార్చి మళ్లీ పంపాం. షాపాయన సగం డబ్బులకే ఇంకోటి కొట్టిచ్చాడు. “ఇట్లా పంపిస్తే నాకేం ఇబ్బంది లేదప్పా, అందరికీ చెప్పు” అన్నాడు. అందుకే చెబుతున్నా.

ఇంకొక్క మాట. ఏ యాప్‌లోనైనా తెలుగు విరిగితే ‘తెలుగు అంటే ఇంతేలే’ అని ఇంగ్లిష్‌కి మారిపోకండి. విరిగిన మాట స్క్రీన్‌షాట్ తీయండి, పక్కన సరైన రూపం పెట్టండి, టైప్ చేసిన వరస రాయండి, ఫోన్ మోడల్, యాప్ వెర్షన్ చేర్చి వాళ్ల ఫీడ్‌బ్యాక్‌కి పంపండి. ‘తెలుగు సరిగ్గా లేదు’ అంటే డెవలపర్‌కి ఏమీ అర్థం కాదు. ‘త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం ఇస్తే వత్తు రావట్లేదు’ అంటే ఎక్కడ వెతకాలో అతనికి వెంటనే తెలుస్తుంది.